డార్క్ మోడ్‌తో బ్యాటరీ ఆదా ఎంత? కళ్లకు మేలెంత?

ప్రశ్న: ఫోన్‌లో డార్క్ మోడ్ పెట్టుకుంటే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని, కళ్లకు కూడా మంచిదని మా అబ్బాయి చెప్పడంతో కొంతకాలంగా రాత్రీ పగలూ అదే వాడుతున్నాను. ఛార్జింగ్ విషయంలో నాకు పెద్దగా తేడా కనిపించలేదు. పైగా నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు అలుక్కుపోయినట్లు కనిపిస్తున్నాయి. నా కళ్లజోడులో సిలిండర్ పవర్ ఉంది. డార్క్ మోడ్‌ను ఉంచుకోమంటారా, తీసేయమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అబ్బాయి చెప్పినదాంట్లో నిజం ఉంది కానీ, అది అన్ని ఫోన్లకూ ఒకేలా వర్తించదు. ఎల్‌సీడీ తెర వెనుక ఒక బ్యాక్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. నలుపు చూపించాల్సిన చోట ఆ వెలుగును అడ్డుకుంటారే తప్ప ఆర్పరు. అందువల్ల అలాంటి ఫోన్‌లో డార్క్ మోడ్ పెట్టినా బ్యాటరీకి ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. ఓఎల్ఈడీ, అమోలెడ్ తెరల్లో మాత్రం ప్రతి పిక్సెల్ (తెరలోని చిన్న చుక్క) తనంతట తానే వెలుగుతుంది కనుక, పూర్తి నలుపు ఉన్న చోట పిక్సెళ్లు ఆరిపోయి ఆ మేరకు కరెంటు మిగులుతుంది. ఒకే కంపెనీ ఒకే ఏడాది తెచ్చిన ఫోన్లలోనూ ఈ తేడా ఉండవచ్చు: 2019లో వచ్చిన ఐఫోన్ 11లో ఎల్‌సీడీ తెర ఉంటే, దాంతోపాటే వచ్చిన 11 ప్రోలో ఓఎల్ఈడీ ఉంది.

మీ ఫోన్ తెర ఏ రకమో తెలుసుకోవడం కష్టం కాదు. గదిలో లైట్లన్నీ ఆర్పి, పూర్తిగా నల్లగా ఉన్న ఒక చిత్రాన్ని తెర నిండా తెరిచి బ్రైట్‌నెస్‌ను చివరిదాకా పెంచండి. తెర బూడిద రంగులో మసకగా వెలుగుతుంటే అది ఎల్‌సీడీ. తెర ఎక్కడ ముగిసిందో చీకటిలో గుర్తుపట్టలేకపోతే ఓఎల్ఈడీ.

ఓఎల్ఈడీ అయినా మీకు తేడా తెలియకపోవడానికి కారణం ఉంది. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, బ్రైట్‌నెస్ 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు డార్క్ మోడ్ వల్ల మిగిలే విద్యుత్తు సగటున 3 నుంచి 9 శాతమే. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచినప్పుడు మాత్రం అది 39 నుంచి 47 శాతం దాకా ఉంది. ఇంట్లో ఉన్నంతసేపు మనం తెరను ఓ మోస్తరు వెలుగులోనే వాడతాం కాబట్టి ఆదా లెక్కలోకి వచ్చేంత ఉండదు. పూర్తి వెలుగు అవసరమయ్యేది ఆరుబయట ఎండలో. తీరా అక్కడ చూస్తే, నల్లటి తెర మీద అక్షరాల కంటే మన ముఖమే ఎక్కువగా కనిపిస్తుంది! దీనికి తోడు చాలా యాప్‌లు అసలు నలుపుకు బదులు ముదురు బూడిద రంగు వాడతాయి; ఆ రంగులో పిక్సెళ్లు పూర్తిగా ఆరవు. బ్యాటరీయే మీ బాధ అయితే, ముందుగా బ్రైట్‌నెస్‌ను తగ్గించి చూడండి. అది ఏ రకం తెరకైనా పనిచేస్తుంది.

ఇక అక్షరాలు అలుక్కుపోవడం మీ భ్రమ కాదు. తెర నల్లగా ఉన్నప్పుడు కంటికి అందే వెలుగు తగ్గి కనుపాప పెద్దదవుతుంది; అది పెద్దదయ్యేకొద్దీ కంటిలోని వంపు లోపాలు చూపులో ఎక్కువగా బయటపడతాయి. సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా ఒకేలా లేనప్పుడు ఇచ్చేది) ఉన్నవారికి, ముఖ్యంగా కళ్లజోడు తీసి చూసినప్పుడు, తెల్లటి అక్షరాల చుట్టూ వెలుగు చిమ్మినట్లు కనిపించడం ఇందువల్లనే. చూపు బాగానే ఉన్నవారు కూడా తెల్లటి నేపథ్యం మీద నల్లటి అక్షరాలనే మరింత కచ్చితంగా చదవగలుగుతున్నారని పలు పరిశోధనలు చూపాయి. అయితే శుక్లాల వంటి కారణాలతో కంటి లోపలి భాగం మసకబారిన కొందరికి తెల్లటి తెర కళ్లలో కొట్టినట్లుండి, డార్క్ మోడే హాయిగా ఉంటుంది. కళ్లు లాగడం, మంట పుట్టడం వంటి బాధలకు తెర రంగు కంటే, ఫోన్ చూస్తూ రెప్పలు తక్కువగా వేయడమే పెద్ద కారణం. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడమని నేత్రవైద్యులు చెప్పే సలహా అందుకే.

కాబట్టి మీరు పగలు మామూలు తెరనే వాడండి. చీకటి గదిలో పడుకునే ముందు కాసేపు చూసేటప్పుడు, పక్కవారి నిద్ర చెడకుండా డార్క్ మోడ్ పనికొస్తుంది. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 13 నుంచి ఫోన్ మొత్తానికీ వర్తించేలా ఈ సదుపాయం ఉంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో షెడ్యూల్ పెట్టుకుంటే సూర్యాస్తమయానికి దానంతటదే మొదలై ఉదయానికి ఆగిపోతుంది. అక్షరాలను కాస్త పెద్దవిగా, మందంగా మార్చుకుంటే అలుకుడు కొంత తగ్గుతుంది.

ప్రశ్న: డార్క్ మోడ్ పెట్టాక కొన్ని ఈమెయిళ్లలో ఏమీ కనిపించడం లేదు. ఫోన్ పాడైందా?
– ఒక పాఠకుడు

జవాబు: లేదు. పంపినవారు అక్షరాలకు నలుపు రంగు ఖాయం చేసి, నేపథ్యం రంగు చెప్పకుండా వదిలేస్తే, మీ ఫోన్ ఆ నేపథ్యాన్ని కూడా నల్లగా మార్చేస్తుంది. నలుపు మీద నలుపు కనిపించదు. ఆ ఈమెయిల్ మీద వేలితో నొక్కి పట్టుకుని అక్షరాలను సెలెక్ట్ చేస్తే అవి బయటపడతాయి. అది కుదరకపోతే, చదివినంతసేపు డార్క్ మోడ్‌ను ఆపేయండి.