ఆట మిత్రుల జ్ఞాపకాలు పోగుచేయబోయే మేనల్లుడికి

అల్లుడా,

నువ్వు రాసినదంతా శ్రద్ధగా చదివాను. దసరాకు అందరూ హనుమకొండ వస్తున్నారు గనుక సద్దుల బతుకమ్మ మర్నాడు ఒక హాలు మాట్లాడి, ఒక్కొక్కరి చేత మైకులో ఐదేసి నిమిషాలు మీరు చిన్నప్పుడు నెట్‌లో కలిసి ఆడిన రూన్‌స్కేప్ ఆట కబుర్లు చెప్పించి, అవన్నీ రికార్డు చేసి పుస్తకంగా కూర్చాలని అనుకుంటున్నావు. పుస్తకం ఆలోచన నాకు ఎంతో నచ్చింది. హాలూ మైకూ మాత్రం వద్దు.

మీకంటే ముందు నక్కలగుట్టలో నా నెట్ సెంటర్‌కు వచ్చి ఆడిన పిల్లల జ్ఞాపకాలు నేను పోగుచేసిన సంగతి నీకు తెలుసు. ఆ అనుభవంతోనే చెబుతున్నాను. చేతికి మైకు ఇస్తే మనిషి ఉపన్యాసంలోకి దిగిపోతాడు. తన లెవెల్ ఎంతో, తాను ఎవరిని ఓడించాడో చెప్పి, ‘ఆ రోజులే వేరు’ అని ముగించి కూర్చుంటాడు. పది మంది చేత చెప్పించినా ఒక్కరు చెప్పినట్టే ఉంటుంది. వాటితో పుస్తకం కాదు.

మీరు కలవాల్సింది ఆటలోనే. అదీ పోరాడుతూ కాదు, చేపలు పడుతూ.

ఎందుకో చెబుతాను. ఆటలోని కరాంజా ద్వీపం గుర్తుందా? పోర్ట్ సారిమ్ రేవులో 30 నాణేలు కట్టి ఓడ ఎక్కితే అక్కడ దిగేవారు. లాబ్‌స్టర్లు పట్టాలంటే చేపల పనిలో 40వ లెవెల్ రావాలి. సంచిలో ఉండేవి 28 గళ్లు. అందులో ఒకటి బుట్టకు, ఒకటి నాణేలకు పోతే మిగిలినవి లాబ్‌స్టర్లకు. ఆ దీవిలో ఉచితంగా ఆడేవాళ్లకు బ్యాంకు లేదు. సంచి నిండగానే మళ్లీ ఓడ ఎక్కి, డ్రేనార్ బ్యాంకు దాకా నడిచి, దాచుకుని, తిరిగి రావాలి. తిరుగు ఓడకు డబ్బులు లేనివాడు అక్కడి అరటితోటలో పది పళ్లు కోసి పెట్టెలో నింపితే తోట యజమాని 30 నాణేలు ఇచ్చేవాడు. సరిగ్గా ఓడ ఛార్జీ అంత. ఇందులో ఆట ఏముందని చూసేవాళ్లు అడిగేవారు. మౌసుతో ఒక్కసారి నొక్కితే తెర మీద మన బొమ్మ దానంతట అదే పట్టుకుంటూ ఉంటుంది. చేతికి కొద్దిగా పని, మనసుకు బోలెడు తీరిక. ఆ తీరికలోనే మీరు మాట్లాడుకున్నారు. పరీక్షల గురించి, ఇంట్లో గొడవల గురించి, ఎవరి నాన్నకు బదిలీ అయిందో, ఎవరికి ఎంసెట్‌లో ర్యాంకు రాలేదో, అంతా ఆ ఒడ్డున నిలబడే చెప్పుకున్నారు. ఆటగాళ్లు ఒకరినొకరు చంపుకునే వైల్డర్‌నెస్‌లో కత్తి పట్టుకుని పరిగెత్తేటప్పుడు ఎవరూ మనసు విప్పలేదు. అందుకే, అదే పని చేతికి ఇస్తే అవే మాటలు మళ్లీ నోటికి వస్తాయి. మొదటిసారి నేను ముందు బ్యాచ్ పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి అడిగినప్పుడు ఎవరి నోటా రాని సంగతులు, వాళ్లు మళ్లీ వలలు పట్టుకుని నిలబడ్డాక పది నిమిషాల్లో బయటికి వచ్చాయి.

చేయడం కష్టమేమీ కాదు. పాత ఆటను మళ్లీ తెరవాలా అని 2013లో దాన్ని నడిపే కంపెనీ ఆటగాళ్లను ఓటు అడిగింది. నాలుగున్నర లక్షల మంది దాకా ఓటేశారు. 2007 ఆగస్టు నాటి ఆటను భద్రపరిచిన కాపీలోంచి తీసి ఆ ఫిబ్రవరి 22న ‘ఓల్డ్ స్కూల్’ పేరుతో మళ్లీ తెరిచారు. మొదట్లో చందా కట్టినవాళ్లకే ఉండేది, 2015 నుంచి ఉచితంగానూ ఆడవచ్చు. 2018 అక్టోబరు నుంచి ఫోనులో కూడా వస్తుంది. కాబట్టి దసరాకు రాలేనివాళ్లూ దుబాయిలోనో డల్లాస్‌లోనో కూర్చుని చేరవచ్చు. ఉచిత వరల్డ్, అంటే ఆట నడిచే సర్వర్, ఒకటి ఎంచుకుని దాని నంబరు అందరికీ ముందే చెప్పు. ఒక సంగతి వాళ్లకు గట్టిగా చెప్పాలి: మీ పాత అకౌంట్ల బొమ్మలు అక్కడ ఉండవు. తెరిచిన రోజున ప్రపంచంలో అందరూ సున్నా నుంచే మొదలుపెట్టారు, మీరూ అంతే. లాబ్‌స్టర్ల దాకా వెళ్లాలంటే సమయం పడుతుంది. అక్కర్లేదు. ఆట మొదలయ్యే ఊరు లంబ్రిడ్జ్‌కు దక్షిణాన చిత్తడి నేల దగ్గర చిన్న వలతో రొయ్యలు పట్టడానికి ఏ లెవెలూ రానవసరం లేదు, అది చాలు. ఫోన్లో అందరూ ఒకే కాల్‌లో ఉండండి. ముందుగా అనుమతి అడిగి రికార్డు చెయ్యి. మొదటి అరగంట ‘ఇది ఇలాగే ఉందిరా’ అనే అరుపులే ఉంటాయి. వాటిని పోనివ్వు. ఆ తర్వాతే అసలు మాటలు మొదలవుతాయి.

అడగాల్సిన ప్రశ్నల గురించి. ‘నీ లెవెల్ ఎంత’ అని అడగకు. ఏ కుర్చీలో కూర్చునేవాడివి, పక్కన ఎవరు ఉండేవారు, గంటకు డబ్బులు ఎక్కడివి, ఇంట్లో ఏం చెప్పి వచ్చేవాడివి, నీకు ఆట నేర్పింది ఎవరు అని అడుగు. కరెంటు పోయినప్పుడు ఎక్కడున్నావని అడుగు. ఈ చివరి ప్రశ్నకు వచ్చినన్ని జవాబులు నాకు మరి దేనికీ రాలేదు. పోరాటం మధ్యలో లైను తెగిపోతే బొమ్మ వెంటనే మాయం కాదు, కొంతసేపు అక్కడే నిలబడి దెబ్బలు తింటుంది. యూపీఎస్ కూత పెట్టడం మొదలవగానే సెంటర్ అంతా కుర్చీలు జరిగేవి. ఎవరు ముందు లంబ్రిడ్జ్ వైపు పరుగు తీశారో, ఎవరు చివరి దెబ్బ కోసం ఆగి సామాను పోగొట్టుకున్నారో ఈనాటికీ ఒక్కొక్కరికీ గుర్తుంది. గెలుపు కంటే పోగొట్టుకున్నదే మనిషి వివరంగా చెబుతాడు. పోగొట్టుకున్న శిరస్త్రాణం రంగు కూడా చెబుతాడు.

అయితే ఇక్కడ జాగ్రత్త కావాలి. వైల్డర్‌నెస్‌లో చచ్చిపోతే మామూలుగా మూడు వస్తువులు మిగిలేవి, మిగతావి చంపినవాడివి. అది ఆట నియమం, దాని గురించి నలుగురిలో నవ్వుకోవచ్చు. స్నేహితుడి పాస్‌వర్డ్ తెలుసుకుని వాడి సామాను తీసుకున్నవాడు, ‘నీ కవచానికి ఉచితంగా బంగారు అంచు వేయిస్తాను’ అని చెప్పి పట్టుకుపోయినవాడు మీ గుంపులోనూ ఉంటాడు. పదమూడేళ్ల వయసులో జరిగిన ఆ మోసం కొందరికి ఇంకా నొప్పే. దాన్ని కాల్‌లో అందరి ముందూ తవ్వకు. ఇద్దరితో విడివిడిగా మాట్లాడు. వాళ్లిద్దరూ ఒప్పుకుంటేనే రాయి, పేర్లు మార్చి రాయి.

పిలవాల్సినవాళ్ల జాబితా నువ్వు పంపావు. అందులో అకౌంట్ ఉన్నవాళ్లే ఉన్నారు. కుర్చీ వెనుక నిలబడి చూసినవాళ్లు ఏరి? గంట డబ్బులు లేక, బడి సంచి భుజాన వేసుకుని, ‘ఎడమకు తిప్పు, వాడు వస్తున్నాడు’ అని చెప్పిన పిల్లలు ప్రతి కుర్చీ వెనుకా ఉండేవారు. మ్యాపు ఆడినవాడికంటే వాళ్లకే బాగా తెలుసు, ఎందుకంటే వాళ్ల కళ్లకు చూడటం తప్ప వేరే పని లేదు. వాళ్లను తప్పకుండా పిలువు. అలాగే ఆడపిల్లలు. సెంటర్‌కు రానివ్వని ఇళ్లలో అన్నల అకౌంట్లతో ఆడిన చెల్లెళ్లు ఉన్నారు. బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ కొన్ని ప్లాన్లలో రాత్రి 2 నుంచి ఉదయం 8 వరకు వాడకానికి లెక్క ఉండేది కాదు. ఆ వేళల్లో లేచి, చదువుకుంటున్నట్టు లైటు వేసుకుని ఆడిన అమ్మాయి ఒకరు కాజీపేటలో ఉండేవారని ముందు బ్యాచ్ కుర్రాడొకరు నాకు చెప్పాడు, ఆమె వాడి అక్కే. ఆమె చెప్పింది వింటే తెలిసింది, మేము సెంటర్‌లో చూసింది ఆటలో సగమేనని. రాత్రి వేళ అమెరికావాళ్లకు పగలు కాబట్టి ఆమె స్నేహితులే వేరు, ఆమెకు తెలిసిన ఆటే వేరు. మీ బ్యాచ్‌లో అలాంటివాళ్లు లేరని అనుకోవద్దు. అన్నలను అడుగు.

తేదీల దగ్గర అందరూ తడబడతారు. మన వైపు పెద్దవాళ్లు పుట్టిన తేదీ తెలియకపోతే ‘సమ్మక్క జాతర అయిన రెండు నెలలకు’ అన్నట్టు, నువ్వు కూడా గట్టి గుర్తులను పట్టుకుని లెక్కకట్టు. జాతర రెండేళ్లకోసారి వస్తుంది గనుక 2006, 2008, 2010 నీకు అలాగే దొరుకుతాయి. ఆట వైపు గుర్తులు ఇవి: 2007 నవంబరులో వారక్ పట్నంలో గ్రాండ్ ఎక్స్ఛేంజ్ అనే సామాను సంత వచ్చింది, అంటే బ్యాంకు ముందు నిలబడి ధరలు టైపు చేసి అమ్ముకున్న జ్ఞాపకం చాలావరకు అంతకు ముందుది. దొంగిలించిన క్రెడిట్ కార్డులు వాడుతూ ఆటలోని బంగారాన్ని అసలు డబ్బుకు అమ్మేవాళ్లను అడ్డుకోవడానికి 2007 డిసెంబరు 10న వైల్డర్‌నెస్‌లో ఒకరినొకరు చంపుకోవడం ఆపేశారు. 2011 ఫిబ్రవరి 1న తిరిగి తెచ్చారు. కాబట్టి ఎవరైనా ‘2009లో వైల్డర్‌నెస్‌లో నా సామాను కొట్టేశారు’ అంటే అది వేరే ఏడాదిదో, వేరే చోటుదో అయి ఉంటుంది. మెల్లగా అడిగి సరిచెయ్యి. ఊరి వైపు గుర్తులు నీకే తెలుసు: 2009 డిసెంబరులో కాలేజీలు మూతపడ్డ రోజులు, 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మె. బస్సులు లేని ఆ రోజుల్లో హసన్‌పర్తి నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చినవాడు ఆ నెలను ఎన్నటికీ మరిచిపోడు.

ఇద్దరు ఒకే సంగతిని రెండు రకాలుగా చెబితే న్యాయం చెప్పకు. ముందు బ్యాచ్‌లో ఇద్దరు మిత్రులు, తొలి రూన్ లోహపు కత్తి ‘నేనే వాడికి ఇచ్చాను’ అని ఎవరికి వారే చెప్పారు. ఇద్దరూ నిజాయితీపరులే. రెండు కథలనూ పక్కపక్కనే రాశాను. చదివిన ప్రతివాళ్లూ ఆ పేజీ దగ్గరే ఆగారు.

పుస్తకంలో ఆట గురించి తెలియనివాళ్లకు ముందుమాట అరపేజీ చాలు. 2001 జనవరి 4న ఇంగ్లండ్‌లో మొదలైందని, గోవర్ సోదరులు తయారుచేశారని, జావాతో బ్రౌజర్‌లోనే నడిచేది గనుక మన పాత కంప్యూటర్ల మీద కూడా, జావా ఉంటే చాలు, ఆటను వేరుగా ఎక్కించకుండా ఆడగలిగామని రాయి. నెలకు ఐదారు డాలర్ల చందా ఉండేదని, క్రెడిట్ కార్డు ఉన్న ఇల్లే అరుదు గనుక మీరందరూ ఉచిత ఆటగాళ్లేనని తప్పక రాయి. మీ ఆటను అర్థం చేసుకోవాలంటే ఇది తెలియాలి. ఆటలో ఫాలడార్ పట్నానికి పడమట టావర్లీ ఊరి వైపు గేటు దగ్గర నిలబడి, చందా కట్టినవాళ్లు లోపలికి వెళ్తుంటే చూసిన పిల్లలు మీరు. ఆ గేటు అవతల ఏముందని అప్పట్లో ఊహించుకున్నారో ఒక్కొక్కరినీ అడిగి, ఎవరి ఊహను వారి మాటల్లోనే దించు. నిజంగా అవతల ఉన్నదానికంటే ఆ ఊహలు నాకు విలువైనవి.

ఇతర దేశాల మిత్రుల విషయం. స్నేహితుల జాబితాలో పేరు అదే వరల్డ్‌లో ఉంటే పచ్చగా, వేరే వరల్డ్‌లో ఉంటే పసుపుగా, ఆటలో లేకపోతే ఎర్రగా కనిపించేది. ఎర్రగానే ఉండిపోయిన పేర్లు మీ అందరికీ ఉన్నాయి. వాళ్ల గురించి మీకు గుర్తున్నది రాయండి, కానీ అసలు పేర్లు వెతికి పట్టుకునే ప్రయత్నం చేయవద్దు. వాళ్లు మీకు ఆట పేరుతోనే పరిచయమయ్యారు, ఆ పేరుతోనే పుస్తకంలో ఉండనివ్వండి.

ఒక పని మాత్రం దసరా దాకా ఆపకు. ఆటలో మాట్లాడుకున్నవి ఎక్కడా మిగల్లేదు. ఆర్కుట్ అనే స్నేహితుల సైటులో పెట్టుకున్నవి 2014 సెప్టెంబరు 30న అది మూతపడటంతో దాచుకోనివాళ్లకు లేకుండా పోయాయి. మిగిలినవి అటకల మీద ఉన్న సీడీలు, పాత హార్డ్ డిస్కులు. సీడీలు పొరలు లేచి పాడైపోతున్నాయి. ఇప్పుడే అందరికీ ఫోను చేసి, ఇంట్లో పాత సీపీయూను పాత సామానువాడికి ఇచ్చేయవద్దని చెప్పు. స్క్రీన్‌షాట్లు దొరికితే రెండు చోట్ల కాపీ చేసి, మంచివి కాగితం మీద ప్రింటు తీయించు. తెరలో మూలనున్న అక్షరాలను కూడా చదివి రాసుకో. బొమ్మ కంటే ఆ మూలన ఉన్న రెండు లైన్ల సంభాషణే తర్వాత ఎక్కువ పనికొస్తుంది.

నా సెంటర్ రిజిస్టర్లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. వచ్చిన వేళ, వెళ్లిన వేళ, కూర్చున్న సీటు నంబరు అన్నీ అందులో ఉన్నాయి. తేదీలు సరిచూసుకోవడానికి అంతకు మించినది దొరకదు. కానీ అందులో అందరి చిరునామాలూ ఫోన్ నంబర్లూ ఉన్నాయి గనుక ఫొటోలు తీసి పంపను, బయటికి ఇవ్వను. నువ్వే ఇంటికి రా. ఇద్దరం కూర్చుని మీ బ్యాచ్ పేజీలు మాత్రం చూద్దాం, కావలసిన తేదీలు నువ్వు రాసుకో. ఆదివారం పొద్దున్నే వస్తే మీ అత్తయ్య సర్వపిండి చేస్తానంది. వరల్డ్ నంబరు ఖాయం చేశాక నాకూ చెప్పు, నేనూ వల పట్టుకుని వస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య