ఉయ్యాల ఆగితే బాబు లేచిపోతున్నాడు

ప్రశ్న: మా బాబుకు ఎనిమిది నెలలు. చీర ఉయ్యాలలో వేసి ఊపితేనే పడుకుంటాడు, ఆపితే లేచిపోతాడు. రాత్రి నాలుగైదు సార్లు లేస్తాడు, ప్రతిసారీ ఊపాలి లేదా పాలివ్వాలి. నేను ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది, ఆఫీసులో కునికిపాట్లు పడుతున్నాను. ‘గదిలో పడుకోబెట్టి తలుపెయ్, ఏడ్చి ఏడ్చి వాడే పడుకుంటాడు’ అని నెట్లో చదివి మావారు అంటున్నారు. ఆ మాట వింటేనే అత్తయ్యకు కన్నీళ్లు. ఎవరి మాట వినాలి?

జవాబు: రాత్రిళ్లు లేవడం మీవాడి మొండితనం కాదమ్మా. ఈ వయసులో గంట తిరక్కుండానే నిద్ర పలచబడుతుంది. మనకూ అలాగే మెలకువ వస్తుంది, అటు తిరిగి పడుకుంటాం, తెల్లారేసరికి గుర్తుండదు. బస్సులో నిద్రపోయినవాడికి బస్సు ఆగగానే మెలకువ వస్తుంది చూడండి, మీ బాబుదీ అదే పరిస్థితి. ఊగుతూ నిద్రపోయాడు, కళ్లు తెరిచేసరికి ఊపు లేదు.

మీవారు చదివింది బహుశా 1985లో అమెరికా డాక్టర్ రిచర్డ్ ఫెర్బర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. అందులోనూ మధ్యమధ్య లోపలికి వెళ్లి బిడ్డను ఓదార్చడం ఉంది, తలుపేసి వదిలెయ్యమని కాదు. మీ ఇంటికి అంత కూడా అక్కర్లేదు.

ముందు సాయంత్రం సంగతి చూడండి. మీరు ఇంటికొచ్చేసరికి బాబు ఉయ్యాలలో ఉంటున్నాడా? ఆరింటికి కునుకు తీసిన పిల్లాడు ఎనిమిదిన్నరకు ఎందుకు పడుకుంటాడు? ఈ వయసుకు పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర చాలు. సాయంత్రం ఐదు దాటాక పడుకోనివ్వకండి.

రాత్రి పాలు లైటు ఉండగానే ఇచ్చెయ్యండి, నోట్లో రొమ్ముతో నిద్రపోనివ్వకండి. తర్వాత లైటు తగ్గించి, రోజూ పాడే జోలపాటే పాడి, కళ్లు మూతలు పడుతుండగా, ఇంకా మెలకువగా ఉండగానే మీ గదిలోనే గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. దిండూ బొంతా వద్దు, ఆవాల దిండు కూడా. పడుకోబెట్టేది మాత్రం మీవారైతే మేలు. మీరు పక్కనుంటే పాల వాసనకే వాడు ఊరుకోడు. సలహా ఇచ్చిన మనిషికి ఆ మాత్రం పని ఉండాలి కూడా!

ఏడిస్తే వెంటనే ఎత్తుకోకుండా, ఛాతీ మీద చెయ్యి వేసి జోకొట్టాలి. గుక్కపట్టి ఏడిస్తే ఎత్తుకుని, ఊరుకున్నాక మళ్లీ పడుకోబెట్టాలి. మొదటి రాత్రి ఇలా పదిసార్లు జరగొచ్చు. మూడు నాలుగు రోజులు కష్టం, రెండు వారాల్లో చాలామంది పిల్లలు దారికొస్తారు. అలవాటయ్యేకొద్దీ జోకొట్టడమూ తగ్గించాలి. రాత్రి ఒకసారి ఆకలికే లేస్తుండొచ్చు, ఆ పాలు మానిపించకండి. పగలంతా మీరు లేని లోటు రాత్రి తీర్చుకునే పిల్లలూ ఉంటారు. ఎవరేం చెప్పినా నిద్ర కోసం దగ్గు సిరప్ మాత్రం వెయ్యొద్దు. గురక, చెవి నొప్పి, బరువు పెరగకపోవడం ఉంటే ముందు పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇక అత్తయ్యగారు. ఆవిడతో వాదన పెట్టుకోకండి. బాబుకు కూర్చోవడం వచ్చాక చీర ఉయ్యాలలోంచి వంగి పడిపోయే ప్రమాదం ఉందని చెప్పండి. అది నిజం, ఆవిడకూ తెలుసు. పగటి కునుకు ఇంకొన్నాళ్లు ఉయ్యాలలోనే కానివ్వండి, పక్కనే కూర్చుని చూసుకుంటేనే సుమా. రాత్రి మాత్రం పరుపు మీదే. జోలపాట ఆవిడ పాడితే ఇంకా మంచిది.

జలుబు, జ్వరం లేని వారం చూసుకుని శుక్రవారం రాత్రి మొదలుపెట్టండి. శని, ఆదివారాలు మీ ఇద్దరికీ సెలవైతే, పగలు కాసేపు పడుకోవచ్చు.