పొద్దున 7కి పెడితే 35 నిమిషాల లెక్కే

ప్రశ్న: సార్, మాది గద్వాల. మా మగ్గాల మీద నేసినవి, పక్కవాళ్లవి కలిపి చీరలు వెబ్‌సైట్‌లో అమ్ముతున్నాం. సర్వర్ అద్దెది, ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద అపాచీ (వెబ్‌సైట్‌ను అందించే సాఫ్ట్‌వేర్). టైమ్ మన ఇండియాదే పెట్టాం. ఎంతమంది వస్తున్నారో ఏడబ్ల్యూస్టాట్స్ అనే లెక్కలు కట్టే ప్రోగ్రామ్‌లో చూస్తాను. రోజూ రాత్రి 10కి నేనే దాని అప్‌డేట్ కొట్టేదాన్ని. మర్చిపోతున్నానని ఎనిమిది రోజుల కింద మా తమ్ముడు క్రాన్‌లో (చెప్పిన టైముకు పనులను తానే నడిపేది) పొద్దున 7కి పెట్టాడు. అప్పటినుంచి రోజుకు 400 దాకా ఉండే విజిట్లు 20కి పడిపోయాయి. ఆర్డర్లు మాత్రం ఎప్పటిలాగే వస్తున్నాయి. తప్పెక్కడ?

జవాబు: అమ్మా, తమ్ముణ్ణి ఏమీ అనకండి. ఇదే పని నేనూ చేసి మాట పడ్డాను. ఒకప్పుడు నల్గొండలో ఓ కాలేజీ సర్వర్ నా చేతిలో ఉండేది. ఫలితాలు పెట్టిన రోజు జనం తాకిడికి సైట్ మూడుసార్లు పడిపోయింది. మర్నాడు రిపోర్టు తీస్తే చూసినవాళ్లు 60 మంది! ప్రిన్సిపాల్ గారు కళ్లద్దాలు పైకి నెట్టి, "ఈ మాత్రానికేనా కొత్త సర్వర్ కావాలన్నావు?" అన్నారు.

అసలు సంగతి లాగ్‌రొటేట్‌ది. అది రోజుకోసారి పాత లాగ్‌ను (సైట్‌కు వచ్చినవాళ్ల వివరాలు అపాచీ రాసే ఫైలు) పక్కన పెట్టి ఖాళీ ఫైలు తెరుస్తుంది. పాత ఉబుంటుల్లో ఇది పొద్దున 6:25కి, కొత్తవాటిలో అర్ధరాత్రికి జరుగుతుంది. మీ 20 అంకె చూస్తే మీది పాతదే అనిపిస్తోంది. పేరు చివర ".1" ఉన్న లాగ్ ఫైలు (ఆఖరున పక్కన పెట్టినది) తెరిచి ఆఖరి లైన్ చూడండి. అక్కడ 06:24:51 +0530 లాంటిది కనబడితే ఖాయం. 6:25కి ఫైలు మారింది, 7కి అప్‌డేట్ నడిచింది. ఏడబ్ల్యూస్టాట్స్ చదివేది ఆ కొత్త ఫైలునే కాబట్టి, దానికి దొరికింది ఆ 35 నిమిషాలే.

గంటగంటకూ నడిపితే చాలా మటుకు సర్దుకుంటుంది. క్రాన్ లైన్‌లో మొదట 17, తర్వాత నాలుగు నక్షత్రాలు పెడితే ప్రతి గంటా 17వ నిమిషానికి నడుస్తుంది. (అందరూ 0 పెడతారు, అప్పుడు అన్ని పనులూ ఒకేసారి మీద పడతాయి.) అయినా 6:17కూ 6:25కూ మధ్య వచ్చినవి పోతాయి. అందుకని అపాచీ లాగ్‌రొటేట్ ఫైల్లో ప్రీరొటేట్ అనే చోట కూడా అదే అప్‌డేట్ కమాండ్ రాయించండి. ఫైలు మార్చే ముందు లెక్క కట్టేస్తుంది, ఇక గడియారం గొడవ లేదు. క్రాన్‌ను అపాచీ యూజర్ పేరున పెట్టకండి. ఉబుంటులో ఆ యూజర్‌కు లాగ్ చదివే అనుమతి ఉండదు, రిపోర్టు గమ్మున ఆగిపోతుంది.

పోయిన ఎనిమిది రోజులు తిరిగొస్తాయి. అపాచీ పాత లాగ్‌లు మామూలుగా 14 ఉంటాయి. పత్రిక మీ చేతికొచ్చేలోపు అవి చెరిగిపోతాయని, మీ ప్రశ్న అందిన 10వ తేదీనే వాటిని వేరేచోటికి కాపీ చేసుకొమ్మని మెయిల్ పెట్టాను. చేశారనే అనుకుంటున్నాను. అయితే వాటిని ఊరికే చదివించి లాభం లేదు. ఏడబ్ల్యూస్టాట్స్ తాను ఆఖరున చదివిన టైమ్ గుర్తుపెట్టుకుని, అంతకు ముందటి లైన్లను పాతవని వదిలేస్తుంది. ఆ నెల డేటా ఫైలును పక్కకు జరిపి (చెరపొద్దు, జరపండి), 1వ తేదీ నుంచి లాగ్‌లన్నీ వరుసగా ఇవ్వాలి. లాగ్‌రిజాల్వ్‌మెర్జ్ అనే స్క్రిప్టు ఏడబ్ల్యూస్టాట్స్‌తోపాటే వస్తుంది, జిప్ చేసిన ఫైళ్లను కూడా వరసలో కలిపి అందిస్తుంది. 1వ తేదీ లాగ్ లేకపోతే మాత్రం ఈ జోలికి పోకండి, ఉన్నది కూడా పోతుంది.

ఇంకో మాట. మీరు చేత్తో కొట్టిన రోజుల్లోనూ లెక్క పూర్తిగా రాలేదు. రాత్రి 10 నుంచి పొద్దున 6:25 దాకా వచ్చినవాళ్లు రోజూ జారిపోయారు. నెల లెక్క తిరిగి కట్టాక రిపోర్టులో గంటలవారీ పట్టిక తెరవండి. ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న రాత్రి గంటల్లో ఈసారి కడ్డీలు లేస్తాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు మీ కుట్టు చీరలు చూసేది ఆ వేళలోనే, వాళ్లకు అది పగలు.