ఫోర్ వీల్ జీపు కొనబోతున్న అల్లుడికి

నరసన్నపేట

చిరంజీవి అల్లుడికి,

మావయ్య దీవించి రాస్తున్నది. మేమంతా కులాసా. అప్ప మోకాళ్లకని పంపిన నూనె అందిందో లేదో నువ్వు చెప్పనేలేదు. నీ ధ్యాసంతా జీపు మీదుంటే మరేటి చెప్తావు! నువ్వు పంపిన మూడు బండ్ల ఫొటోలూ చూశాను. ఫోన్లో చెప్తే సగం విని "సరే మావయ్యా" అనేస్తావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు ఒక మాట అడుగుతాను. నాలుగు చక్రాలూ లాగే ఈ ఫోర్ వీల్ నీకు దేనికి? జీడిపిక్కల బేరానికైతే అక్కర్లేదు. పిక్కలొచ్చేది మార్చి నుంచి మే దాకా. అప్పుడు కొండదారి ఎండి గట్టిగా ఉంటుంది, మామూలు బొలెరో హాయిగా ఎక్కేస్తుంది. కానీ సీతంపేట కొండల్లో అనాస పళ్లకి కూడా తిరుగుతున్నానన్నావు. అవి వచ్చేదే వానల్లో. ఎర్రమట్టి ఏటవాలు తడిస్తే వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి బండి పక్కకి జారుతుంది. గెడ్డ, అదే కొండవాగు, దిగి అవతల ఒడ్డు ఎక్కాలంటే ముందు చక్రాలు కూడా లాగాలి. సరే, నీకు కావలసిందే. అయితే అది వానాకాలం అవసరం. మిగతా ఏడాదంతా పాతపట్నం నుంచి టెక్కలి, పలాస తారు రోడ్డు మీదే నడుపుతావు. సరుకు ఎలాగూ వ్యాన్లలో దిగుతుంది, జీపులో వెళ్లేది నువ్వూ నీ కాటా మనిషీ. ఈ లెక్క గుర్తుంటే పెద్ద టైర్లూ, ముందు వించీ, మీద లైట్ల వరసా చూసి మోజుపడవు.

ఫోర్ వీల్ బండి బేరానికి వెళ్లినవాళ్లంతా బానెట్ ఎత్తి ఇంజను చుట్టూ మూగుతారు. ఇంజను పోతే శ్రీకాకుళంలో బాగుచేసేవాళ్లు దొరుకుతారు. ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ముందు చక్రాలకి కూడా బలం పంచే గేరుపెట్టె, పోయినా, ముందు హౌసింగులో, అంటే ఇరుసు మధ్య గుండులో, క్రౌన్ పినియన్ గేర్లు అరిగినా సామాను కోసం విశాఖపట్నం తిరగాలి, అది తెలిసిన చెయ్యి దొరకాలి, సీజను గడిచిపోతుంది. మామూలు బండి కంటే నువ్వు అదనంగా డబ్బు పోస్తున్నది వీటికే. అందుకని చూపు కూడా ముందు వీటి మీదే పెట్టు.

మొట్టమొదట బండి కిందకి దూరి ముందు ప్రొపెల్లర్ షాఫ్టు, అంటే ముందు చక్రాల వైపు బలం తీసుకెళ్లే పొడుగాటి గొట్టం, ఉందో లేదో చూడు. నవ్వకు. డీజిలు కలిసొస్తుందనీ, చప్పుడు తగ్గుతుందనీ ఆ షాఫ్టు విప్పేసి నడిపేవాళ్లున్నారు. లోపల లివరు ఉంటుంది, వేస్తే పడుతుంది కూడా, ముందు చక్రాలకి మాత్రం ఏమీ అందదు. మహీంద్రా థార్ జీపు అంటే చాలు ఫోర్ వీలే అనుకోవడం కూడా పొరపాటు. 2010లో వచ్చిన పాత థార్‌లో వెనక చక్రాలే లాగే టూవీల్ బండ్లూ అమ్మారు. 2020లో వచ్చిన కొత్త థార్ మొదట్లో అన్నీ ఫోర్ వీలే అయినా, 2023 జనవరి నుంచి వెనక చక్రాలతోనే నడిచే రకం కూడా వచ్చింది. పేరు చూసి కాదు, కింద చూసి నమ్ము.

షాఫ్టు ఉంటే దాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పు. షాఫ్టు చివర ఉండే క్రాసు జాయింట్ల దగ్గర టక్కుమని లూజు తెలిస్తే క్రాసులు అరిగినట్టు. అది చిన్న ఖర్చే, బేరంలో తగ్గించుకోవచ్చు. ముందు చక్రాల వెనక రబ్బరు బూట్లు చూడు. చిరిగి గ్రీజు చుట్టూ చిమ్మి ఉంటే లోపలికి మట్టి, నీళ్లు చేరిపోయి ఉంటాయి. స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడిపితే టకటకమని చప్పుడొస్తుంది, అప్పుడు జాయింటు మార్చాల్సిందే.

తర్వాత లివరు పరీక్ష. ఇది తారు రోడ్డు మీద చెయ్యొద్దు, చెయ్యనివ్వొద్దు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం నడుస్తాయి. ఈ రకం బండ్లలో ముందూ వెనకా షాఫ్టుల మధ్య ఆ తేడాని సర్దే డిఫరెన్షియల్ లేదు. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద జారదు కాబట్టి ఆ ఒత్తిడంతా పళ్ల మీద పడి గేర్లు బిగుసుకుపోతాయి. "ఇదిగో చూడండి" అంటూ తారు మీదే ఫోర్ వీల్ వేసి గిరగిరా తిప్పి చూపించే యజమాని, ఇన్నేళ్లూ బండిని అలాగే వాడాడని నువ్వే అర్థం చేసుకో.

కోతలైన మడిలోకో, ఏటి ఇసకలోకో తీసుకెళ్లమను. ముందు ఫోర్ హైలో, అంటే మామూలు వేగానికి నాలుగు చక్రాలూ లాగేలా, వేసి తిన్నగా కొంత దూరం నడుపు, మీటర్ల దగ్గర దీపం వెలగాలి. తర్వాత ఆపి, క్లచ్చి తొక్కి, నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే ఫోర్ లోలో వెయ్యి. లివరు కొంచెం మొరాయించడం సహజం, గరగరమనకూడదు. మొదటి గేరులో ఏక్సిలేటరు మీంచి కాలు తీసేసినా బండి గట్టుని పాకుతూ ఎక్కాలి, దిగేటప్పుడు బ్రేకు లేకుండా తనంతట తను ఆపుకుంటూ దిగాలి. మధ్యలో లివరు ఊడి వెనక్కొచ్చేసిందంటే ఆ బండి నీకొద్దు. చివరికి వెనక చక్రాలే లాగే టూ హైకి తెస్తే వదలాలి. వదలకపోతే రెండడుగులు రివర్సు చేసి చూడు, అప్పుడూ వదలకపోతే లోపల తేడా ఉంది. ఏళ్ల తరబడి ఒక్కసారీ లివరు ముట్టుకోని బండి కూడా ఇలాగే బిగుసుకుని ఉంటుంది. "అసలు వాడనే లేదు సార్" అని గొప్పగా చెప్తారే, నాకైతే ఆ మాట గొప్పగా వినపడదు.

దీని వెంటే నూనెలు. ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు హౌసింగు, వెనక హౌసింగు, మూడింటి నింపుడు బోల్టులూ విప్పించి వేలు పెట్టి చూడు. నూనె చిక్కగా, నల్లగా ఉన్నా ఫరవాలేదు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. వేడెక్కిన హౌసింగు గెడ్డలో మునిగితే లోపల గాలి ఒక్కసారిగా చల్లారి, సీళ్లలోంచీ గాలిగొట్టంలోంచీ నీళ్లు లాక్కుంటుంది. అలా బేరింగులు తుప్పుపట్టిన బండి కొన్నాళ్లకి ఊళపెట్టడం మొదలెడుతుంది. బోల్టు విప్పడానికి యజమాని ఒప్పుకోకపోతే మర్యాదగా టీ తాగి వచ్చేయ్.

టైర్లు నాలుగూ ఒకే కొలత, ఒకే అరుగుదల ఉండాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో ఇరవైమూడో వారంలో తయారైందని. మీటరు తక్కువ చూపిస్తూ, పెడల్ రబ్బర్లు నున్నగా అరిగిపోయి ఉంటే మీటరుని నమ్మకు.

ఇంజను సంగతి క్లుప్తంగా చెప్తాను. నువ్వు వెళ్లేసరికి చల్లగా ఉండాలి, ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పు. బానెట్ మీద చెయ్యి వేస్తే తెలిసిపోతుంది. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిలు తాగుతోంది. నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే గాలి ఉఫ్ ఉఫ్ మని గట్టిగా తన్నితే పిస్టన్ రింగుల పని అయిపోయింది.

తుప్పు గురించి మాత్రం మనవైపు వాళ్లకి వేరే చెప్పాలి. భావనపాడు, కళింగపట్నం, బారువ లాంటి తీరం ఊళ్లలో తిరిగిన బండి పైన మెరుస్తున్నా కింద ఉప్పుగాలి తినేసి ఉంటుంది. వెనక కమాను కట్టలు ఛాసిస్‌కి తగిలే చోట, బాడీ కూర్చునే బ్రాకెట్ల దగ్గర, కాళ్ల కింది రేకు మీద స్క్రూడ్రైవరు పిడితో కొట్టుకుంటూ వెళ్లు. గట్టి ఇనుము ఖణేలుమంటుంది, తినేసిన చోట మొద్దుగా పలుకుతుంది. అడుగంతా నిన్న పూసినట్టు నల్ల రంగు వేసి ఉంటే, ఎందుకు పూశారో అడుగు.

ఇప్పుడు నీ మూడు బండ్లు. విశాఖపట్నం బండి నాకు నచ్చలేదు. ఆ టైర్లు కంపెనీ కొలతవి కావు, బండిని కూడా లేపించారు. పెద్ద టైరు బరువంతా హబ్ బేరింగులూ, స్టీరింగు జాయింట్లూ, యాక్సిళ్లూ మొయ్యాలి. పైగా ఇలాంటివి కొన్నది ఎక్కువగా ఆదివారాలు గుంటల్లో దూకించడానికే. కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లోనే గట్టిగా చెప్పింది. ఫిట్‌నెస్‌కో, ఇన్సూరెన్సు క్లెయిముకో వెళ్లినప్పుడు ఆ తలనొప్పి నీది.

విజయవాడ బండి ధర మరీ తక్కువగా ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు పేటలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, బండ్లూ మునిగాయి. అలాంటివి తుడిచి, సీట్లు మార్చి అమ్మేస్తారు. ఇది అలాంటిదే అని నేను అనను, చూడకుండా మాత్రం ఒప్పుకోను. సీటు బెల్టు చివరిదాకా లాగితే లోపలి భాగంలో మట్టి గీత ఉంటుందేమో చూడు. సీటు పట్టాల బోల్టులు, హెడ్‌లైటు లోపల తేమ, చాప కింద వాసన చూడు. పాత ఇన్సూరెన్సు పాలసీ అడిగి అందులో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిము అడగనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎంతుందో చదువు. వరసగా ఐదేళ్లు క్లెయిము లేకపోతే యాభై శాతం దాకా వెళ్తుంది. బండి పాతదై, చేతులు మారకుండా ఉండి, బోనస్ సున్నా ఉంటే ఏదైనా క్లెయిము జరిగిందేమో అడుగు. సీఆర్‌డీఈ రకం కొత్త డీజిలు ఇంజను నడిచేది వైర్లూ సెన్సార్ల మీద. నీళ్లు తాగిన వైరింగు ఈరోజు బాగుండి, నడిమధ్యన కొండమీద ఆగిపోతుంది.

పర్లాకిమిడి బండి ఫొటోలో వికారంగా ఉంది, డోరు సొట్ట, సీటు చిరుగు. నాకు చూడాలనిపించింది మాత్రం అదే. నాలుగూ ఒక్క రకం టైర్లే, కంపెనీ కొలతవే. ఒక్కడే యజమాని, కంపెనీ సర్వీసు పుస్తకం ఉందంటున్నాడు. కొండపని చేసిన బండి కాబట్టి లివరు వాడకంలో ఉండి ఉంటుంది, ఆ హౌసింగు నూనెలు మాత్రం మరీ జాగ్రత్తగా చూడాలి. దగ్గర కాబట్టి ఒకటికి రెండుసార్లు వెళ్లొచ్చు.

అది ఒడిశా రిజిస్ట్రేషను కాబట్టి ధరలో దాన్నీ కలుపుకో. అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదనే కాగితం, ఫారం 28 మీద ఎన్‌వోసీ తేవాలి, ఇక్కడ మన లైఫ్ ట్యాక్సు కట్టాలి, అప్పుడు ఏపీ నంబరొస్తుంది. 29, 30 ఫారాల మీద సంతకాలు, బ్యాంకు అప్పుంటే ఫారం 35 కూడా. పరివాహన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో నంబరు కొట్టి అప్పు, చలానాలు, ఫిట్‌నెస్ గడువు చూసుకో. ఛాసిస్ మీద కొట్టిన నంబరు ఆర్‌సీతో నువ్వే పోల్చు. పదిహేనేళ్లు దగ్గరపడ్డ బండైతే రెన్యువల్ ఫీజే ఐదువేలు, ఆపైన ఐదేళ్లకోసారి అదే తంతు. ఎన్‌వోసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకు, బజానా ఇచ్చి రసీదు తీసుకో.

ఎవరో ఆఫీసు జీపులు వేలానికొస్తాయని నీతో అన్నారట. ఆ రోజులు పోయాయి. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ బండ్లకి 2023 ఏప్రిల్ నుంచి రిజిస్ట్రేషను సాగదు, అవి తుక్కుకే. మారుతి జిప్సీ కూడా వద్దు నీకు. తేలిక బండి, బురదలో లేడిలా పోతుంది, కాదనను. పెట్రోలు తాగుతుంది, తయారీ ఆగిపోయింది కాబట్టి సామానుకి వెతుక్కోవాలి. మహీంద్రా సామాను మాత్రం నరసన్నపేటలోనూ దొరుకుతుంది.

ధర తెగ్గొట్టేటప్పుడు అందులో పదోవంతు పక్కన పెట్టుకో. కొన్న వారంలోనే అన్ని నూనెలూ, ఫిల్టర్లూ, బెల్టులూ, కూలెంటూ మార్చించు, పాతాయన నిన్ననే మార్పించానన్నా సరే. మెకానిక్కుని నువ్వే తీసుకెళ్లు, కూలి నువ్వే ఇవ్వు. బ్రోకరు తెచ్చిన మెకానిక్కు బ్రోకరు మనిషే. సాలూరు లారీల దగ్గర పనిచేసొచ్చినవాడొకడు నాకు తెలుసు. హౌసింగు చప్పుడు విని ఏ పక్క బేరింగో చెప్తాడు, నోరు మాత్రం కాస్త దురుసు.

వచ్చే ఆదివారం పొద్దున్నే అతన్ని తీసుకుని బస్సులో పాతపట్నం వస్తాను. వాన పడితే ఇంకోరోజు చూద్దాం, తడిసిన బండికి తుప్పూ, లీకులూ కనపడవు. టార్చిలైటూ, ఒక పాత గోనెసంచీ పట్టుకురా. కింద పడుకోవాల్సింది నువ్వే, నా నడుం వంగదు.

ఇట్లు,
నీ మావయ్య