170 చాలు, చైన్ మీద శ్రద్ధ పెట్టు

చిరంజీవి చిన్నాకి మామయ్య ఆశీస్సులు.

చెట్లు కోసే చైన్‌సా మిషన్లలో స్టిల్ కంపెనీ ఎంఎస్ 170 కొనాలా, ఎంఎస్ 180 కొనాలా అని అడిగావు. తిన్నగా చెప్తాను: నీ పనికి 170 తీసుకో. ఎందుకో కూడా చెప్తాను, ఎందుకంటే దుకాణంలోకి వెళ్లాక నీ మనసు మార్చేవాళ్లు ఉంటారు.

170 ఇంజిన్ 30.1 సీసీ, 180ది 31.8 సీసీ. తేడా రెండు సీసీ కూడా లేదు. బరువు రెండూ నాలుగు కిలోల దరిదాపు. పట్టు, ఆకారం, లోపలి అమరిక అన్నీ ఒకటే కుటుంబం. 180కి కాస్త బలం ఎక్కువ, కాదనను. కానీ పదును పోయిన చైన్‌తో 180 నడిపేవాడి కంటే, పదునైన చైన్‌తో 170 నడిపేవాడు ముందు పని ముగించి ఇంటికొస్తాడు. భీమిలి తోటలో నువ్వు కోసేది సరుగుడు, అడపాదడపా జీడిమామిడి కొమ్మలు, గాలివానకి పడ్డ కొబ్బరి. దుంగలు చాలావరకు అడుగు లోపు లావే. వారానికి ఒకటి రెండు రోజుల పని. దానికి 170 సరిపోతుంది. మిగిలిన డబ్బుకి ఇంకో చైన్, హెల్మెట్, చెవులకి మఫ్స్ వస్తాయి.

దుకాణంలో 170 లేకపోయినా, రెండింటి ధరలో తేడా మరీ తక్కువగా ఉన్నా 180 తెచ్చుకో, నష్టమేం లేదు. దీనికోసం నిద్ర పాడుచేసుకోకు. కానీ నువ్వు ఊళ్లో అందరి చెట్లూ కూలికి కోద్దామనుకుంటే మాత్రం రెండూ వద్దు. రోజంతా దుంగలు కోసే పనికి ఎంఎస్ 250 లాంటిది కావాలి. అది 45.4 సీసీ, 4.6 కిలోలు. చిన్న మిషన్‌ని పెద్ద పనిలో పెడితే ఇంజిన్ వేడెక్కుతుంది, నీ నడుమూ పోతుంది.

ఇక బార్, అంటే చైన్ చుట్టూ తిరిగే పొడుగాటి ఇనుప పట్టీ సంగతి. "పదహారు అంగుళాలది తీసుకోండి సార్, పెద్ద చెట్టు కూడా కోస్తుంది" అంటారు దుకాణంవాళ్లు. వద్దని చెప్పు. 14 అంగుళాల బార్ అడుగు. చిన్న ఇంజిన్‌కి పొడుగు బార్ తగిలిస్తే చైన్ లాగడానికే బలం అయిపోతుంది. 14 అంగుళాల బార్‌తో రెండు పక్కల నుంచి కోస్తే అంతకంటే లావు దుంగ కూడా తెగుతుంది. రెండో చైన్ కొనేటప్పుడు పేరు చెప్పి ఊరుకోకు. బార్ మొదట్లో, మిషన్‌కి తగిలించే వైపు అంకెలు చెక్కి ఉంటాయి: పిచ్ (లింకుల మధ్య దూరం), గేజ్ (బార్ గాడిలో దూరే లింకు మందం), లింకుల సంఖ్య. ఈ మిషన్లకి వచ్చేది 3/8 అంగుళం పిచ్, స్టిల్ వాళ్లు 'పికో' అనే రకం. గేజ్ 1.1 మిల్లీమీటర్లు ఉండొచ్చు, 1.3 ఉండొచ్చు. 1.1 బార్ గాడిలో 1.3 చైన్ దూరదు. 1.3 బార్‌లో 1.1 చైన్ వేస్తే వదులై పక్కకి వంగుతుంది, కోత వంకర పోతుంది. పాత చైన్ వెంట తీసుకెళ్లడం అన్నిటికంటే సులువు.

ఇక పదును. నువ్వు నేర్చుకోవాల్సిన అసలు పని ఇదే. ఈ చైన్‌కి 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. పంటి మీద గీసిన గీత ఉంటుంది, దాదాపు 30 డిగ్రీల వాలు, దాని వెంటే ముందుకి మాత్రమే తొయ్యి. వెనక్కి లాగేటప్పుడు ఆకురాయిని పైకెత్తు. ఒక్కో పంటికి ఎన్ని రుద్దితే, మిగతా వాటన్నిటికీ అన్నే రుద్దాలి. ఒక వైపు పళ్లు పొట్టిగా, ఇంకో వైపు పొడుగ్గా అయ్యాయంటే కోత ఒక పక్కకి తిరిగిపోతుంది. పదును పోయిందో లేదో మిషనే చెప్తుంది. చెక్క రేకులు రేకులుగా ఎగిరితే బాగుంది. పిండిలా రాలితే, నువ్వు మిషన్‌ని నొక్కాల్సొస్తే, ఆపేసి ఆకురాయి తియ్యి. సరుగుడు గట్టి కలప, ఎండితే ఇంకా గట్టి. కొబ్బరి మాను పైపొర చైన్‌ని త్వరగా మొద్దుబారుస్తుంది. మన తీరంలో దుంగలు ఇసుకలో పడి ఉంటాయి చూడు, ఆ ఇసుక మీద ఒక్కసారి చైన్ తగిలిందంటే పొద్దున పెట్టిన పదునంతా పోయినట్టే. దుంగ కింద కట్టె పెట్టి పైకి లేపి కొయ్యి.

ఆయిల్ రెండు రకాలు, కలిపెయ్యకు. పెట్రోల్‌లో కలిపేది టూ-స్ట్రోక్ ఆయిల్. స్టిల్ వాళ్ల ఆయిల్ అయితే లీటరుకి 20 మిల్లీలీటర్లు, అంటే 50కి 1. వేరే ఆయిల్ పోస్తే 25కి 1, అంటే లీటరుకి 40. చైన్‌కి పోసేది వేరే ట్యాంకులో. అక్కడ బండి నుంచి తీసిన నల్ల ఆయిల్ పోసేవాళ్లని చాలామందిని చూస్తావు. దానిలో ఇనుప రజను ఉంటుంది, పంపు, బార్ రెండూ అరిగిపోతాయి, చేతికి అంటినా మంచిది కాదు. బార్ చివర ఒక పాత అట్ట ముక్క మీదకి చూపించి రేజ్ చెయ్యి. ఆయిల్ సన్నటి గీతలా పడితే చైన్‌కి అందుతున్నట్టు. పడకపోతే కోయకు.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది నీటిని పీల్చుకుంటుంది. మన విశాఖలో గాలే తడి. నిల్వ ఉంచిన పెట్రోల్ కార్బురేటర్‌లోని రబ్బరు పొరల్ని పాడుచేస్తుంది, అప్పుడు తాడు లాగి లాగి చెయ్యి పోతుంది తప్ప స్టార్ట్ కాదు. ఆ వారానికి కావాల్సినంతే కలుపు. పని లేని రోజులొస్తే ట్యాంకు ఖాళీ చేసి, దానంతట అది ఆగిపోయేదాకా ఆడించి పెట్టు. చైన్ తీసి ఆయిల్‌లో నానబెట్టు, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా.

ఇప్పుడు నాకు భయం ఉన్న సంగతి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నువ్వు చిన్నవాడివి. ఊరంతా చెట్లు రోడ్ల మీద, గోడల మీద, కరెంటు తీగల మీద పడ్డాయి. నిలబడ్డ చెట్టు కంటే పడ్డ చెట్టు ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే దానిలో బిగువు ఉంటుంది. రెండు చివర్లా ఆని, మధ్యలో గాలిలో ఉన్న దుంగకి పైవైపు నొక్కుడు, కిందివైపు లాగుడు. ముందు పైనుంచి మూడో వంతు కొయ్యి, తర్వాత కిందనుంచి ముగించు. ఒక చివరే ఆని, రెండోది వేలాడుతుంటే దీనికి తిరగేసి: ముందు కిందనుంచి కొంచెం, తర్వాత పైనుంచి. వరస తప్పితే బార్ దుంగలో ఇరుక్కుంటుంది, లేకపోతే దుంగ చీలి మీదకొస్తుంది. తీగ తగిలిన చెట్టు జోలికి అస్సలు వెళ్లకు, కరెంటు ఆపామని లైన్‌మన్ చెప్పేదాకా.

బార్ కొన పైభాగం దేనికైనా తగిలితే మిషన్ క్షణంలో ముఖం మీదకి ఎగురుతుంది. జీడిమామిడి కొమ్మలు ఒకదాంట్లో ఒకటి అల్లుకుని ఉంటాయి కాబట్టి అక్కడే ఎక్కువ జరుగుతుంది. అందుకే ఎడమ చేతి బొటనవేలు ముందు పట్టు కిందనుంచి చుట్టి ఉండాలి, భుజాల కంటే ఎత్తులో కొయ్యకూడదు, నిచ్చెనెక్కి అసలే వద్దు. స్టార్ట్ చేసేటప్పుడు చైన్ బ్రేక్ వేసి, నేల మీద పెట్టి, వెనక పట్టులో కాలు పెట్టి తాడు లాగు. చేతిలో ఊపుతూ లాగొద్దు. లుంగీ, చెప్పులతో కోసేవాళ్లని చూసి నువ్వూ అలా చెయ్యకు. బూట్లు, కళ్లకి జాలీ ఉన్న హెల్మెట్, చైన్ తగలకుండా కాళ్లని కాపాడే ప్రత్యేకమైన ప్యాంట్ దొరికితే అదీ. ప్యాంట్ ఖరీదు ఎక్కువే, అయినా 180కి మారే డబ్బు దానివైపు మళ్లించు.

ఇంటి వెనక వేప, చింత కొట్టే ఆలోచన ఉంటే ముందు అనుమతి సంగతి కనుక్కో. నీరు, భూమి, చెట్ల కోసం పెట్టిన వాల్టా చట్టం 2002 నుంచి అమల్లో ఉంది, భీమిలి ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పరిధిలోనే ఉంది.

కొనే చోటు ఎంచుకునేటప్పుడు ధర ఒక్కటే చూడకు. చైన్, ఫిల్టర్, కార్బురేటర్ సామాను అక్కడే దొరుకుతుందా, రిపేరుకి మనిషి ఉన్నాడా అని అడుగు. నీ ముందే స్టార్ట్ చేసి ఆడించమను. బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించు. ఆదివారం కాకుండా ఇంకే రోజైనా వెళ్లేట్టయితే నాకు ఫోన్ చెయ్యి, గాజువాక నుంచి నేనూ వస్తాను. వచ్చేటప్పుడు ఆకురాయి పట్టుకొస్తాను, మొదటి పదును ఇద్దరం కలిసి పెడదాం.

అప్పకి, బావకి నా నమస్కారాలు.

మీ మామయ్య