స్కాన్ నార్మల్, చూపు 6/6... మరి అక్షరాలెందుకు కదులుతున్నాయి?

ప్రశ్న: నా వయసు 41. ఆరు వారాల క్రితం బాత్రూంలో జారిపడ్డాను, తల వెనక భాగం గోడకు గట్టిగా తగిలింది. స్పృహ తప్పలేదు కానీ రెండు రోజులు తల దిమ్ముగా, వాంతి వచ్చేట్టుగా ఉంది. స్కాన్ తీసి అంతా నార్మల్‌గానే ఉంది, కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అయింది, విశ్రాంతి తీసుకోండి అన్నారు. తలనొప్పి చాలావరకు తగ్గింది. ఇప్పుడు ఇబ్బందంతా కళ్లతోనే. పది నిమిషాలు చదివేసరికి అక్షరాలు కదులుతున్నట్టు, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు అనిపిస్తాయి. ఫోన్‌లో స్క్రీన్ పైకి జరుపుతుంటే కడుపులో తిప్పుతుంది. ట్యూబ్‌లైట్ వెలుతురు భరించలేక ఇంట్లో కూడా నల్లద్దాలు పెట్టుకుంటున్నాను. కళ్ల పరీక్ష చేయించుకుంటే చూపు 6/6 ఉందన్నారు. నా ఉద్యోగం రోజంతా కంప్యూటర్ ముందే. ఇంట్లోవాళ్లు ఇదంతా టెన్షన్ వల్లే అంటున్నారు. నా చూపు మళ్లీ మామూలుగా అవుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఈ జవాబు మీ ఇంట్లోవాళ్ల చేత చదివించండి. మీరు రాసిన లక్షణాల్లో ఒక్కటి కూడా మీ ఊహ కాదు. అన్నీ కంకషన్ తర్వాత తరచుగా కనిపించేవే. పైకి కట్టు లేదు, స్కాన్‌లో మచ్చ లేదు, కాబట్టి పక్కనున్నవాళ్లకు నమ్మకం కుదరదు. ఇలాంటి పేషెంట్లు కొందరు నా ఎదురుగా కూర్చోగానే, బాధేమిటో చెప్పకముందే, "నేను నాటకాలాడటం లేదు డాక్టర్" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. జబ్బుతో పాటు దాన్ని రుజువు చేసుకోవాల్సిన భారం కూడా వాళ్లమీదే పడుతోంది.

సీటీ స్కాన్ ప్రధానంగా వెతికేది రక్తస్రావం, ఎముక విరగడం, పెద్ద వాపు లాంటివి. కంకషన్‌లో తల ఒక్కసారిగా అదిరినప్పుడు మెదడు కణాల నుంచి వెళ్లే సన్నని తీగలు సాగుతాయి, కణాల్లోని రసాయనాల తూకం కొంతకాలం చెదిరిపోతుంది. మెదడు ఆకారం అలాగే ఉంటుంది, పనితీరు మందగిస్తుంది. ఆ మందగింపు మామూలు స్కాన్‌కు అందదు. మీ రిపోర్టు నార్మల్ అంటే ప్రమాదకరమైనదేదీ కనిపించలేదని అర్థం. దాన్ని చూసి దెబ్బ ప్రభావమే లేదనుకోకూడదు.

ఇక 6/6 సంగతి. ఆరు మీటర్ల దూరంలో కదలకుండా ఉన్న అక్షరాన్ని, ఒక్కో కన్నూ విడిగా, కొన్ని క్షణాలపాటు గుర్తుపట్టగలదా అన్నదే ఆ పరీక్ష. మీ రెండు కళ్లూ ఆ పని బాగా చేస్తున్నాయి, మంచిదే. కానీ చదవడం అంతకంటే చాలా పెద్ద పని. పుస్తకం దగ్గరగా ఉంటుంది కాబట్టి రెండు కళ్లూ ఒకేసారి, ఒకే కొలతలో ముక్కువైపు తిరగాలి. కంటి లోపలి లెన్స్ ఉబ్బి దగ్గరి వస్తువు మీద ఫోకస్ నిలపాలి. పైగా కళ్లు లైను వెంట నున్నగా జారిపోవు, సెకనుకు మూడు నాలుగుసార్లు గెంతుతూ వెళ్తాయి, లైను చివర నుంచి కింది లైను మొదటికి ఒక పెద్ద గెంతు వేస్తాయి. ఇందుకోసం ఒక్కో కంటికి ఆరు కండరాలు, వాటిని నడిపించే మూడు నరాలు, ఆ నరాలకు ఆజ్ఞలిచ్చే కేంద్రాలు మెదడు కాండంలో, చిన్నమెదడులో ఉన్నాయి. దెబ్బ తగలకముందు ఇదంతా మీకు తెలియకుండానే జరిగిపోయేది. ఇప్పుడు ప్రతి లైనుకూ మెదడు అదనంగా కష్టపడాల్సి వస్తోంది. పది నిమిషాల్లో అలసిపోగానే రెండు కళ్ల పొత్తు సడలి, రెండు బొమ్మలు కొద్దిగా పక్కకు జరుగుతాయి. మీకు అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు అనిపించేది అప్పుడే.

మీ లక్షణాలను బట్టి చూస్తే కళ్లు లోపలికి తిరిగే శక్తి తగ్గిందేమో అనిపిస్తోంది. దీన్ని కన్వర్జెన్స్ ఇన్‌సఫిషియెన్సీ అంటారు. ఒక పెన్ను మొనను చూస్తూ దాన్ని నెమ్మదిగా ముక్కు దగ్గరకు తీసుకురండి. మామూలుగా ఐదారు సెంటీమీటర్ల దాకా అది ఒకటిగానే కనిపిస్తుంది. పది సెంటీమీటర్ల దూరంలోనో, ఇంకా ముందేనో రెండుగా చీలిపోతే, లేదా ఒక కన్ను పక్కకు జారిపోతోందని ఎదురుగా ఉన్నవాళ్లు చెబితే అనుమానం బలపడుతుంది. ఒక్కసారి చూసుకుంటే చాలు, రోజూ పదేపదే చేసి తలనొప్పి తెచ్చుకోకండి. మీ వయసులో ఇంకో కోణం కూడా ఉంది. నలభై దాటాక చత్వారం మొదలవుతుంది. అప్పటిదాకా కళ్లు ఎలాగో సర్దుకుపోతూ ఉంటాయి, కంకషన్‌తో ఆ సర్దుబాటు తప్పి చత్వారం ఒక్కసారిగా బయటపడవచ్చు. కాబట్టి దగ్గరచూపును విడిగా పరీక్షించమని అడగాలి.

ఫోన్ స్క్రీన్ జరిపితే కడుపులో తిప్పడానికి కారణం వేరు. బొమ్మ కదులుతోందని కళ్లు చెబుతాయి, ఒళ్లు కదలడం లేదని లోపలి చెవి చెబుతుంది. ఈ రెండు కబుర్లనూ కలిపి సరిచూసుకునే పని మెదడుకు ఇప్పుడు భారమైంది. జనం మధ్య నడిచినా, వరసగా సామాన్లు పేర్చిన చోటికి వెళ్లినా కొందరికి కళ్లు తిరిగేది అందుకే.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఇంట్లో నల్లద్దాలు. వెలుతురు బాధిస్తుంటే కళ్లు కప్పుకోవాలనిపించడం సహజం, మిమ్మల్ని తప్పుపట్టను. కానీ గదిలో కూడా రోజంతా నల్లద్దాలు పెట్టుకుంటే కళ్లు చీకటికి అలవాటుపడిపోతాయి, ఆ తర్వాత మామూలు వెలుతురు కూడా ఎండలాగే గుచ్చుతుంది. అద్దాలు ఇంకా నల్లవి కావాలనిపిస్తుంది. ఈ చక్రంలో ఇరుక్కుని తలుపులు, కర్టెన్లు మూసుకుని నెలలు గడిపినవాళ్లను చూశాను. ఒక్కరోజులో తీసిపారేయమని అనడం లేదు. ముందు తక్కువ వెలుతురున్న గదిలో రోజుకు అరగంట అద్దాల్లేకుండా ఉండండి, రెండు మూడు రోజులకోసారి ఇంకాస్త పెంచండి. తలమీద పడే ట్యూబ్‌లైట్ ఆపి, పక్కనుంచి వచ్చే పసుపు దీపం పెట్టుకోండి. కిటికీ మీకు ఎదురుగా కాకుండా పక్కగా ఉండేలా కూర్చోండి. స్క్రీన్ వెలుగు గది వెలుతురుకు సరిపోయేలా తగ్గించుకోండి. ఎండలోకి వెళ్లేటప్పుడు టోపీ, చల్లద్దాలు హాయిగా వాడుకోవచ్చు. ట్యూబ్‌లైట్ మరీ భరించలేకపోతే ఎఫ్ఎల్-41 అనే లేత గులాబీ రంగు అద్దాలు కొందరికి ఉపశమనం ఇస్తాయి. అవి కళ్లను చీకట్లో ఉంచవు.

విశ్రాంతి గురించి కూడా పాత సలహా మారింది. మొదటి 24 నుంచి 48 గంటలు పని తగ్గించుకోవాలి, స్క్రీన్లకు దూరంగా ఉండాలి. 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో, 12 నుంచి 25 ఏళ్ల వయసువాళ్లలో మొదటి రెండు రోజులు స్క్రీన్ ముట్టనివాళ్లు చూసినవాళ్లకంటే త్వరగా తేరుకున్నారు. కానీ ఆ తర్వాత చీకటి గదిలో పడుకుంటే కోలుకోవడం ఆలస్యమవుతుంది. క్రీడల్లో కంకషన్ల మీద 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఒక తేలికైన కొలమానం ఇచ్చింది. మీ ఇబ్బందికి సున్నా నుంచి పది వరకు మార్కులు వేసుకోండి. ఏదైనా పని చేస్తే అది రెండు మార్కులకు మించకుండా పెరిగి, గంటలోపు మళ్లీ తగ్గిపోతే ఆ పని మీకు ఫరవాలేదు. అంతకంటే పెరిగితే ఎక్కువ చేశారన్నమాట.

చదువుకు దీన్ని ఇలా వాడండి. పదో నిమిషంలో అక్షరాలు కదులుతున్నాయంటే మీరు ఆపాల్సింది పదో నిమిషంలో కాదు, ఆరో నిమిషంలోనే. టైమర్ పెట్టుకోండి, అది మోగినప్పుడు బాగానే ఉన్నా సరే ఆపేయండి. ఆపాక ఫోన్ తీసుకుంటే లాభం లేదు, దూరంగా ఉన్న దేన్నైనా చూడండి, లేదా రెండు నిమిషాలు కళ్లు మూసుకోండి. మూడు నాలుగు రోజులు ఇబ్బంది లేకపోతే రెండు నిమిషాలు పెంచండి. ముందు కాగితం మీది అక్షరాలతో మొదలుపెట్టి తర్వాత స్క్రీన్‌కు రండి. ఒక అట్టముక్కలో లైను పొడవున సన్నని కిటికీ కోసి, అది పేజీమీద పెట్టి ఒక్కో లైనే చదివితే చుట్టూ ఉన్న అక్షరాల గజిబిజి తగ్గుతుంది. ఎంత చిన్న ఉపాయమో, అంత మేలు చేస్తుంది. కంప్యూటర్‌లో అక్షరాలు పెద్దవి చేసుకోండి, స్క్రీన్‌ను జరపడం మానేసి పేజీలు మార్చే మీట నొక్కండి. వినగలిగినవి వినండి. అంకెలు, పట్టికలు లాంటి కళ్లను శ్రమపెట్టే పని ఉదయమే ముగించుకోండి. ఆఫీసులో కొన్ని వారాలు సగంపూట పని, మధ్యలో విరామాలు అడగండి, డాక్టర్ చేత ఆ మేరకు ఉత్తరం రాయించుకోండి.

ఒక హెచ్చరిక. ఏదో ఒకరోజు కళ్లు హాయిగా అనిపిస్తాయి. పేరుకుపోయిన పనంతా ఆ రోజే చేసేయాలనిపిస్తుంది. నా పేషెంట్లలో చాలామంది దెబ్బతిన్నది ఆ మంచిరోజునే, మర్నాడు మంచం మీదే. మంచిరోజున కూడా టైమర్ మాటే వినండి.

వ్యాయామాల విషయానికొస్తే, పెన్సిల్‌ను చూస్తూ ముక్కు దగ్గరకు తెచ్చే వ్యాయామం గురించి మీరు వినే ఉంటారు. 2008లో 9 నుంచి 17 ఏళ్ల పిల్లల మీద జరిగిన ఒక పెద్ద పరీక్షలో, పన్నెండు వారాలు నిపుణుల దగ్గర చేయించిన చికిత్సతో దాదాపు నాలుగింట మూడువంతుల మంది బాగుపడ్డారు, ఇంట్లో పెన్సిల్ వ్యాయామం ఒక్కటే చేసినవాళ్లలో సగం మందికి కూడా గుణం కనిపించలేదు. వాళ్లు కంకషన్ పేషెంట్లు కాదు కాబట్టి అవే అంకెలు మీకు వర్తిస్తాయని చెప్పను. కానీ దారి అదే. రెండు కళ్ల పొత్తును పరీక్షించి శిక్షణ ఇచ్చే ఆప్టోమెట్రిస్టునో, న్యూరో ఆఫ్తల్మాలజిస్టునో (కళ్లకూ మెదడుకూ మధ్య సమస్యలు చూసే డాక్టర్) కలవండి. కళ్లు తిరగడం ఎక్కువగా ఉంటే తల తిప్పుతూ చూపు నిలపడం నేర్పే ఫిజియోథెరపిస్టు కూడా అవసరమవుతారు. వీటితో పాటు రోజూ కాసేపు నడవండి, నిద్ర వేళ తప్పనివ్వకండి.

కొత్త కళ్లజోడుకు తొందరపడవద్దు. ఈ దశలో ఫోకస్ పూటకోరకంగా మారుతుంది, ఈవారం రాసిన పవర్ వచ్చేనెలకు సరిపోకపోవచ్చు. ముఖ్యంగా కళ్లు తిరుగుతున్నప్పుడు ప్రోగ్రెసివ్ అద్దాలు (దూరానికీ దగ్గరకూ ఒకే అద్దంలో పవర్ ఉండేవి) కొత్తగా మొదలుపెట్టకండి. చదవడానికి విడిగా ఒక జోడు ఉంటే మేలు. కళ్లు మండుతుంటే, స్క్రీన్ చూస్తూ రెప్పలు కొట్టడం మర్చిపోవడం వల్ల పొడిబారి ఉండవచ్చు, తడి నిలిపే చుక్కలు వాడండి. తలనొప్పి మాత్రలు వారంలో రెండు మూడు రోజులకు మించితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి.

వస్తువులు నిజంగానే రెండుగా కనిపిస్తుంటే ఒక కన్ను మూసి చూడండి. అప్పుడు ఒకటే అయితే రెండు కళ్ల పొత్తులో లోపం. ఒక కన్ను మూసినా రెండుగానే ఉంటే ఆ కంటిలోనే పొడిబారడం, లెన్స్ లాంటి సమస్య వెతకాలి. ఒకదాని పైన ఒకటిగా కనిపిస్తూ, మెట్లు దిగేటప్పుడు ఎక్కువైతే నాలుగో కపాల నరానికి దెబ్బ తగిలి ఉండవచ్చు. చాలా సన్నని, పొడవైన నరం అది, తలకు దెబ్బ తగిలితే సులభంగా గాయపడుతుంది. దీనికి రెండు బొమ్మలనూ దగ్గరకు జరిపి కలిపే ప్రిజం అద్దాలు పనికొస్తాయి. రెండుగా కనిపించినంతకాలం, కళ్లు తిరిగినంతకాలం బండి నడపకండి.

కొన్ని లక్షణాలకు మాత్రం ఎదురుచూడకూడదు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. తలనొప్పి రోజురోజుకూ పెరగడం, పదేపదే వాంతులు, మత్తుగా ఉండి లేపినా సరిగ్గా లేవకపోవడం, మాట తడబడటం, కాలూ చెయ్యీ బలహీనపడటం, ఫిట్స్, రెండు కంటిపాపల్లో ఒకటి పెద్దదిగా కనిపించడం. దెబ్బ తగిలిన కొన్ని వారాలకు కూడా మెదడుపైన నెమ్మదిగా రక్తం చేరవచ్చు, పెద్దవయసువాళ్లలో, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో ఇది ఎక్కువ. అలాగే కంటిముందు మెరుపులు, నల్లటి చుక్కల జల్లు, ఒకవైపు నుంచి తెర దిగినట్టు ఉండటం రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే పొర) ఊడుతోందనడానికి గుర్తులు. చూపు హఠాత్తుగా తగ్గినా అదే తొందర అవసరం.

మీ చివరి ప్రశ్నకు నా జవాబు: మామూలుగా అయ్యే అవకాశం చాలా బాగుంది. కంకషన్ అయినవాళ్లలో ఎక్కువమంది నెలలోపే కోలుకుంటారు. ఆరు వారాలైనా తగ్గలేదంటే ఇక తగ్గదని కాదు, ఊరికే ఎదురుచూసే రోజులు అయిపోయాయి, చికిత్స మొదలుపెట్టాలని అర్థం. వారాలు, ఒక్కోసారి నెలలు పట్టినా ఈ కళ్ల ఇబ్బందులు శిక్షణకు బాగా లొంగుతాయి.

పరీక్షకు వెళ్లేముందు వారంపాటు ఏ పని ఎంతసేపు చేస్తే ఏమవుతోందో రెండు ముక్కల్లో రాసి పెట్టుకోండి. ఫారాలు నింపడానికి, బండి నడపడానికి తోడు తీసుకెళ్లండి. ఇంకో చిన్న మాట, దీన్ని తప్పకుండా అడగండి: కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయకముందే దగ్గరచూపు, రెండు కళ్ల పొత్తు పరీక్షలు పూర్తిచేయమని చెప్పండి. చుక్కలు పడ్డాక ఆ పరీక్షలు సరిగ్గా రావు, మీరు మళ్లీ ఇంకోరోజు రావాల్సి వస్తుంది. ఆ చుక్కల తర్వాత కొన్ని గంటలు వెలుతురు మరింత గుచ్చుతుంది, అక్షరాలు అలుక్కుపోతాయి. అది మందు ప్రభావమే, కంగారుపడకండి, ఆ రోజుకు మాత్రం నల్లద్దాలు పెట్టుకునే ఇంటికి రండి.