సంతకం చేయని గవర్నరు, వద్దన్న డాలర్లు

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: అమెరికాలో చాలాకాలంగా స్థిరపడి, ఇక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లం మేము. మా రాష్ట్రంలో రెండు సభలూ ఆమోదించిన బిల్లులు గవర్నరు కార్యాలయంలో వారాల తరబడి నానుతున్నాయి. వేసవి సెలవుల్లో పేద పిల్లల తిండికి కేంద్రం ఇస్తానన్న డబ్బును కూడా ఆయన వద్దన్నారు. నేను పాఠాలు చెప్పే బడిలో మధ్యాహ్నం పెట్టే భోజనమే రోజు మొత్తానికి సరైన తిండి అయిన పిల్లలున్నారు. గవర్నరు కార్యాలయానికి ఫోను చేస్తే, మీ అభిప్రాయం రాసుకున్నాం అంటారు, అంతే. ఓటు వేసిన మాకు ఇక దారి లేదా?
– ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: మీ ఉత్తరంలో రెండు ఫిర్యాదులు కలగలిసి ఉన్నాయి. బిల్లులను ఆపడం ఒకటి, డబ్బు వద్దనడం మరొకటి. వీటికి వెళ్లవలసిన దారులు వేరు కాబట్టి విడివిడిగానే చూద్దాం.

అమెరికా రాష్ట్రాల్లో బిల్లును గవర్నరు నిరవధికంగా తన దగ్గర ఉంచుకోవడం సాధారణంగా కుదరదు. ప్రతి రాష్ట్ర రాజ్యాంగమూ ఒక గడువు పెడుతుంది. సభ సమావేశాల్లో ఉండగా ఆ గడువు దాటితే, చాలా రాష్ట్రాల్లో సంతకం లేకపోయినా బిల్లు చట్టమైపోతుంది. సభ ముగిసి సభ్యులు ఇళ్లకు వెళ్లిపోయాక మాత్రం నియమాలు రాష్ట్రానికొక రకంగా ఉంటాయి. కొన్నిచోట్ల గవర్నరు మౌనంగా ఊరుకుంటే చాలు, బిల్లు చచ్చిపోతుంది. అందువల్ల మీరు ముందుగా తెలుసుకోవలసింది బిల్లు నెగ్గిన తేదీ కన్నా దాన్ని గవర్నరుకు పంపిన తేదీ. గడియారం తిరగడం మొదలయ్యేది ఆ రెండో తేదీ నుంచే. న్యూయార్క్‌లో జూన్‌లో నెగ్గిన బిల్లుల్లో చాలావాటిని శాసనసభే తన దగ్గర ఉంచుకుని, గవర్నరు కార్యాలయంతో మాట్లాడుకుంటూ డిసెంబరు దాకా విడతలుగా పంపడం మామూలు. పైకి గవర్నరు ఆలస్యంలా కనిపించేది ఒక్కోసారి సభానాయకుల ఆలస్యం కూడా కావచ్చు. మీ శాసనసభ వెబ్‌సైటులో బిల్లు నంబరు కొట్టి చూస్తే ఈ తేదీలు కనిపిస్తాయి.

గడువు విషయంలో గవర్నరే పప్పులో కాలేసిన సంగతి ఒకటి చెప్పాలి. మెయిన్ రాష్ట్రంలో గవర్నరుకు ఆదివారాలు మినహా పది రోజుల గడువు ఉంటుంది. 2015 వేసవిలో అప్పటి గవర్నరు పాల్ లపేజ్, సభ ముగిసిపోయిందన్న లెక్కతో 65 బిల్లులను దగ్గర ఉంచుకుని, గడువు దాటాక వీటో చేసి (అంటే తిరస్కరించి) పంపారు. సభ తాత్కాలికంగా వాయిదా పడిందే తప్ప ముగియలేదని శాసనసభ వాదించింది. రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ ఆగస్టులో ఏకగ్రీవంగా శాసనసభ వైపే అభిప్రాయం చెప్పింది. 65 బిల్లులూ చట్టాలయ్యాయి.

అయితే చట్టం అయినంత మాత్రాన అమలవుతుందని అనుకోవద్దు. నా దృష్టిలో అసలు ఆలస్యం అక్కడే దాక్కుంటుంది, దాన్ని పట్టుకోవడమూ కష్టం. వీటోకు ఒక కాగితం ఉంటుంది, దానికి తేదీ ఉంటుంది, దాన్ని తోసిపుచ్చడానికి సభలో ఓటింగు ఉంటుంది. నియమావళి రాయకుండా, దరఖాస్తు పంపకుండా కూర్చోవడానికి అలాంటి కాగితమేదీ ఉండదు. అదే మెయిన్‌లో, పేదల వైద్య బీమా పథకమైన మెడికెయిడ్‌ను విస్తరించాలని సభ ఐదుసార్లు బిల్లు నెగ్గిస్తే లపేజ్ ఐదుసార్లూ వీటో చేశారు. చివరికి 2017 నవంబరులో ఓటర్లే ప్రజాభిప్రాయ ఓటింగులో సుమారు 59 శాతంతో ఆ చట్టాన్ని నెగ్గించారు. అయినా కేంద్రానికి పంపవలసిన దరఖాస్తును గవర్నరు పంపలేదు. పేదల తరఫున పనిచేసే ఒక సంస్థ కోర్టుకెక్కింది. కోర్టు ఆదేశించాక 2018 సెప్టెంబరులో ఆయన దరఖాస్తు పంపారు గానీ, దయచేసి దీన్ని తిరస్కరించండి అని కేంద్రాన్ని కోరుతూ ఒక ఉత్తరం కూడా జతచేశారు! 2019 జనవరిలో కొత్త గవర్నరు జానెట్ మిల్స్ పదవి చేపట్టగానే అమలుకు ఉత్తర్వు ఇచ్చారు. ప్రజలు ఓటు వేశాక ఏడాదికి పైగా గడిచింది.

ఇక డబ్బు సంగతి. గవర్నరు వద్దన్నాక వేరెవరైనా పుచ్చుకోగలరా అన్నది ఆ డబ్బు ఇచ్చే చట్టంలో ఏం రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. 2009లో దక్షిణ కరోలినా గవర్నరు మార్క్ శాన్‌ఫర్డ్, ఆర్థిక మాంద్యం నుంచి గట్టెక్కడానికి కేంద్రం కేటాయించిన నిధుల్లో సుమారు 70 కోట్ల డాలర్లకు దరఖాస్తు చేయనన్నారు. అందులో ఎక్కువ భాగం బడులకు ఉద్దేశించినది. దాన్ని అప్పులు తీర్చడానికి వాడుకోనిస్తే సరే అన్నారు, కేంద్రం ఒప్పుకోలేదు. దరఖాస్తు చేసి తీరాలని శాసనసభ బడ్జెట్టులోనే రాసింది. ఆయన వీటో చేస్తే దాన్నీ తోసిపుచ్చింది. ఒక హైస్కూలు విద్యార్థిని, ఒక న్యాయశాస్త్ర విద్యార్థి, బడుల నిర్వాహకుల సంఘం కోర్టుకు వెళ్తే, రాష్ట్ర సుప్రీంకోర్టు జూన్‌లో గవర్నరును దరఖాస్తు చేయమని ఆదేశించింది. రెండేళ్ల తర్వాత ఫ్లోరిడాలో కథ అడ్డం తిరిగింది. టాంపా–ఓర్లాండో వేగరైలు కోసం కేంద్రం ఇచ్చిన 240 కోట్ల డాలర్లను గవర్నరు రిక్ స్కాట్ వద్దంటే, రెండు పార్టీలకు చెందిన ఇద్దరు రాష్ట్ర సెనేటర్లు కలిసి వేసిన దావాను అక్కడి సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మొదటి సందర్భంలో సభ స్పష్టంగా ఆదేశించి, వీటోను కూడా దాటింది. రెండో సందర్భంలో గవర్నరు చేతులు కట్టేసే అలాంటి ఆదేశం లేకపోయింది.

మీరు అడిగిన వేసవి భోజన పథకం 2024లో మొదలైంది. ఒక్కో పిల్లవాడికి నెలకు 40 డాలర్ల చొప్పున వేసవికి 120 డాలర్లు. ఆ మొత్తం కేంద్రానిదే, నిర్వహణ ఖర్చులో సగం మాత్రం రాష్ట్రం భరించాలి. నెబ్రాస్కా గవర్నరు జిమ్ పిలెన్ మొదట వద్దన్నారు. శాసనసభ్యుల ఒత్తిడి పెరిగాక 2024 ఫిబ్రవరిలో మనసు మార్చుకున్నారు. కాబట్టి మీ ఫోను గవర్నరు కార్యాలయానికి చేయడం కన్నా, ఆయన పార్టీకే చెందిన మీ నియోజకవర్గ సభ్యుడికి చేస్తే ఫలితం ఎక్కువ. కాన్సస్‌లో 2017లో మెడికెయిడ్ విస్తరణ బిల్లు మీద గవర్నరు చేసిన వీటోను తోసిపుచ్చడానికి దిగువ సభలో 84 ఓట్లు కావాల్సి ఉండగా 81 వచ్చాయి. తక్కువపడినవి మూడే ఓట్లు. కాదన్న సభ్యుల నియోజకవర్గాల్లో ఫోన్లు ఇంకాస్త గట్టిగా మోగి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం గానీ, మోగవలసింది అక్కడే. బడిలో మీరు చూసింది మీరే స్వయంగా సభా సంఘం ముందు చెప్పగలిగితే, పేరు లేని వంద ఉత్తరాల కన్నా అది బలంగా పనిచేస్తుంది.

ప్రశ్న: కేంద్ర నిధులు తీసుకోకపోతే పన్ను కట్టేవారికి ఆ మేరకు ఆదా అవుతుందంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: చాలా సందర్భాల్లో నిజం కాదు. 2010 చివర విస్కాన్సిన్, ఒహాయో గవర్నర్లుగా ఎన్నికైనవారు రైలు నిధులు వద్దంటే, కేంద్రం దాదాపు 120 కోట్ల డాలర్లను వాళ్ల దగ్గర నుంచి తీసి వేరే రాష్ట్రాలకు పంచింది. అందులో కొంత ఫ్లోరిడాకు వెళ్తే, పైన చెప్పినట్టు ఫ్లోరిడా కూడా వద్దంది. అది మళ్లీ ఇతర రాష్ట్రాలకు పోయింది. విస్కాన్సిన్ వాసి కట్టిన పన్ను మాత్రం తిరిగి రాలేదు.

వద్దనేవారి వాదనలో పస లేదని కొట్టిపారేయడమూ సరికాదు. మెడికెయిడ్ విస్తరణ ఖర్చులో 90 శాతం కేంద్రం పెట్టినా మిగిలిన పది శాతం రాష్ట్రం ఏటా వెతుక్కోవాలి. రేపు కేంద్రం తన వాటా తగ్గిస్తే ఎలా అన్న భయమూ ఉంది. అందుకే కొన్ని రాష్ట్రాలు వాటా తగ్గిన రోజున విస్తరణ ఆగిపోయేలా చట్టంలోనే రాసుకున్నాయి. భయానికి అది తగిన విరుగుడు. పథకమే వద్దనడం అక్కర్లేదు. రైలు డబ్బు వద్దన్న ఒహాయో గవర్నరు జాన్ కేసిక్, మెడికెయిడ్ దగ్గరికి వచ్చేసరికి తన పార్టీ శాసనసభే ఒప్పుకోకపోతే, 2013లో ఏడుగురు సభ్యుల ఖర్చుల నియంత్రణ బోర్డు ద్వారా ఆ డబ్బు తీసుకున్నారు.

ప్రశ్న: ఇలాంటి గవర్నరును మధ్యలోనే దింపేయడం కుదరదా?
– ఇంకొక పాఠకుడు

జవాబు: భారతదేశంలో గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు, అమెరికాలో గవర్నరును ప్రజలే ఎన్నుకుంటారు కనుక, దింపే హక్కును కూడా కొన్ని రాష్ట్రాలు ప్రజలకే ఇచ్చాయి. అయితే అలా పదవి పోగొట్టుకున్నవారు ఇద్దరే: 1921లో ఉత్తర డకోటాకు చెందిన లిన్ ఫ్రేజియర్, 2003లో కాలిఫోర్నియాకు చెందిన గ్రే డేవిస్. విస్కాన్సిన్‌లో స్కాట్ వాకర్ మీద 2012లో రీకాల్ (మధ్యలోనే దింపే) ఎన్నిక జరిగితే, దింపాలన్నవారే ఓడిపోయారు.